హంతకుడికి నేనిచ్చిన తల్లి

మంగళవారం, సాయంత్రం ఐదుంబావు. ఆదోనిలో మా హాలులో మ్యాట్నీ ఆఖరి రీలు తిరుగుతుండగా నేనొక అబద్ధం చెప్పాను. ఏ సంవత్సరమంటే సరిగ్గా చెప్పలేను, నలభై ఐదేళ్లు దాటి ఉంటుంది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు గాని గడియారం చూడడం వచ్చు, ఎందుకంటే నా ఉద్యోగం గడియారంతోటే. అందుకని వారమూ వేళా మాత్రం నా ఒంట్లోనుంచి పోలేదు.

మొన్న దాన్ని కదిలించింది మా కూతురి కూతురు. డిగ్రీ చదువుతోంది, సెలవులకని వచ్చి, ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి పెట్టుకుని పొద్దస్తమానం ఒక హత్యల సీరియలు చూస్తోంది. నేను పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాను. అందులో మనిషి ఎంత మంచిగా ఉన్నాడంటే, పక్కింటి ముసలామెకు మందులు తెచ్చిచ్చాడు, ఆమె కుక్కకు అన్నం పెట్టాడు, ఆ చేతులతోటే ఆమె గొంతు పిసికాడు. నేను ఆగలేక అడిగాను, వాడెందుకు చంపుతున్నాడని. పిల్ల ఫోను మీదనుంచి తల ఎత్తకుండా చెప్పింది.

"కారణమేం లేదు నానీ. వాడంతే. అట్లాంటోళ్లను సోషియోపాత్ అంటారు. ఎదుటోళ్ల నొప్పి వాళ్లకు తెలీదు."

ఆ మాటను కాగితం మీద రాసిమ్మన్నాను. యాభై దగ్గర పడ్డాక చదువు నేర్చుకున్నదాన్ని, ఏ కొత్త మాటైనా వేలు పెట్టి కూడబలుక్కుంటేగాని నాది కాదు. చదివాను. చదివాక ఇక వెల్లుల్లి ఒలవబుద్ధి కాలేదు. లేచి వాకిట్లోకి పోయాను, మళ్లీ లోపలికి వచ్చాను, మళ్లీ పోయాను. ఏమైంది నానీ అని పిల్ల రెండుసార్లు అడిగింది. ఏమీ కాలేదు, ఆ మాట నా దగ్గరికి నలభై ఐదేళ్లు ఆలస్యంగా వచ్చింది, అంతే.

నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు గాని, ఆ రోజుల్లో హాలులో నేల క్లాసుకు మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. ఇవతల ఆడవాళ్లు, అవతల మగవాళ్లు. ఇవతలి గేటుకు మనిషిని నేను, అవతలి గేటుకు మా ఇంటాయన. టికెట్లు చింపడం, ఏడ్చే పిల్లలను ఎత్తుకుని బయట తిప్పడం, కాళ్లు తొక్కావంటే తొక్కావని కొట్లాడుకునేవాళ్లను విడదీయడం, కానుపు దగ్గరపడినామె వస్తే ఫ్యాను కింద చోటు చూపించడం, ఇవి జీతానికి చేసే పనులు. జీతం లేని పని ఇంకొకటి ఉండేది, నాకు అదే ఇష్టం.

మా ఆదోనిలో హిందీ సినిమాలు బాగా ఆడేవి. మాలాంటి సాయిబుల ఇళ్లవాళ్లకు ఆ మాట కొత్తది కాదు. కాని నేల మీద కూర్చునేవాళ్లలో సగంమంది పెద్దకడుబూరు వైపునుంచి పత్తి బండ్ల వెంట వచ్చినవాళ్లు, జిన్నింగ్ మిల్లుల్లో పత్తి ఏరేవాళ్లు. పాటలకూ ఫైటింగులకూ భాష అక్కర్లేదు గాని, నడుమ మాటలు పడ్డాయంటే ఏమన్నాడు, ఏమన్నాడు అని నా కొంగు గుంజేవాళ్లు. అట్లా మొదలైంది. నేను గోడకు వీపు ఆనించి నిలబడి, తెర మీద ఒక మాట పడగానే తెలుగులో ఒక మాట వేసేదాన్ని. పొద్దున ఆటకే సినిమా మొత్తం చూసి పెట్టుకునేదాన్ని కాబట్టి మ్యాట్నీకి తడుముకునే పని లేదు. ముందు జరగబోయేది చెప్పకూడదు, అదొక్కటే నియమం. గోడకు అవతలినుంచి మగవాళ్లు గొణిగేవాళ్లు, కాని వాళ్లలో కూడా హిందీ రానివాళ్లు మెల్లగా గోడ దగ్గరికి జరిగి చెవి ఇటు పడేసేవాళ్లు. ఇంటర్వెల్లో ఎవరో ఒకరు నా కొంగులో ఉడకబెట్టిన శనక్కాయలు పోసేవాళ్లు, బొరుగులు అమ్మే ఆమె ఒక బజ్జీ ఊరికే ఇచ్చేది. నా పేరు ఎవరికీ తెలియదు. తురక ఆడమనిషి కాబట్టి ఊరందరికీ బూబమ్మనే.

నేరాల సినిమాలు అప్పుడూ ఉండేవి. కాని అప్పటి దుర్మార్గుడికి బుగ్గమీద గాటు ఉండేది, కళ్లు ఎర్రగా ఉండేవి, గుహలో కూర్చుని పెద్దగా నవ్వేవాడు. వాడు తెర మీదికి రాగానే పసిపిల్ల కూడా వేలు పెట్టి చూపించేది. డబ్బు కోసమో, పొలం కోసమో, పగ కోసమో చేసేవాడు. వాణ్ని తిట్టుకుంటూ ఇంటికి పోయి జొన్నరొట్టె కొట్టుకుని తిని పడుకునేవాళ్లం. ఆ వారం వచ్చిన సినిమా అట్లాంటిది కాదు. పేరు చెప్పను, చెప్పినా మీకు గుర్తుండదు, పెద్ద వేషగాళ్లు ఎవరూ లేరు. అందులో ఒకడు గడియారాలు బాగుచేసే మనిషి. తల చక్కగా దువ్వుకుంటాడు, మాట మెత్తన. ఆడవాళ్లు పాడైన గోడగడియారం తెచ్చిస్తే బాగుచేసి, తానే ఇంటికి తెచ్చి తగిలించి, ఇచ్చిన టీ తాగి, గ్లాసు కడిగిపెట్టి, ఆ ఇంటామెను చంపుతాడు. పోయేముందు గడియారానికి కీ ఇచ్చి పోతాడు. అట్లా ముగ్గురిని. ఆఖర్న పట్టుబడతాడు. పోలీసాయన బల్లకు అటు కూర్చుని అడుగుతాడు, ఎందుకు చంపినావురా అని. వాడు కాసేపు ఆలోచించి, చిన్నగా నవ్వి, "ఐసే హీ" అంటాడు. ఊరికే. తర్వాత చాలాసేపు గోడ మీద గడియారాలే చూపిస్తారు, సంగీతం వస్తుంది, అయిపోతుంది.

శుక్రవారం మొదటి రోజు నేను ఉన్నదున్నట్లు చెప్పాను. ఊరికేనంట అన్నాను. అంతే, ఆడవాళ్లంతా నా మీద పడ్డారు. సినిమా తీసినవాణ్ని అనలేక నన్ను అన్నారు. ఊరికే ఎవరైనా దోమను కూడా చంపరు, మనుషులను ముగ్గురిని చంపుతారా అని ఒకామె. పత్తి ఏరే ముసలామె ఒకతె లేచి, కొంగు దులుపుకుంటూ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఓ బూబమ్మా, నీ తురక మాట నీకే సరిగా రాదా ఏంది? మళ్లొకసారి విని సెప్పు."

మళ్లొకసారి వినడానికి వాడేమైనా నా పక్కన కూర్చున్నాడా. శనివారం అదే తగవు, ఆదివారం అదే. సోమవారానికి మా వైపు నేల సగం ఖాళీ. ఆడవాళ్లు రాకపోతే సినిమా రెండో వారం ఆడదు, మేనేజరు నన్ను పిలిచి, కోపంగా ఏం కాదులే, నువ్వేం చెబుతున్నావో గాని ఆడవాళ్లు భయపడి పోతున్నారమ్మా అన్నాడు. అట్లాగని తప్పు ఆయన మీదికి తోయను. నాకే పడలేదు. రోజుకు రెండుసార్లు ఆ నవ్వు చూడాలి, రెండుసార్లు ఆ మాట వినాలి. ఇంటి దగ్గర మా ఇంటాయన అద్దం ముందు గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీస్తే కూడా వెనకనుంచి నిలబడి చూసేదాన్ని. ఆయన అద్దంలోనుంచే, ఏందే అట్ల చూస్తావు అనేవాడు. ఏమని చెప్పేది. కారణం లేకుండా కూడా మనిషి చంపగలడంటే ఇక ఏ వాకిలి వేసుకుని ఏం లాభం.

ఇక్కడ మా పక్కింటి వదిన చెల్లెలి సంగతి చెప్పాలి. వదినంటే నాకేమీ చుట్టం కాదు, వాళ్లు వేరే, మేము వేరే, గోడా గోడా కలిసి ఉండడమే చుట్టరికం. ఆ చెల్లెలిని ఆస్పరిలో ఇచ్చారు. ఇరవై రెండేళ్లుంటాయేమో, మూడు నెలల కిందట కట్టుబట్టలతో అక్క ఇంటికి వచ్చేసి జిన్నింగ్ మిల్లులో పనికి చేరింది. పెద్దమనుషులు రెండుసార్లు కూర్చున్నారు. మొగుడు తాగుతాడా అని అడిగారు, తాగడు. వేరే ఆడమనిషి ఉందా, లేదు. జూదమా, అదీ లేదు. పొలం పని చేస్తాడా, ఒక్క పూట ఎగ్గొట్టడు. మరెందుకు కొడతాడమ్మా అంటే, తెలీదు అంది. కారణం చెప్పలేనిదాని మాట ఎవరు నమ్ముతారు. నీ నోరే పెద్దదై ఉంటుందన్నారు. మా వాకిట్లో కూర్చుని నాకొక్కదానికే చెప్పింది, తాను పెంచుకున్న మేకపిల్లను వాడు ఒక రోజు బావిలోకి తోసి, ఎట్లా ఈదుతుందో చూద్దామని గట్టు మీద చివరిదాకా కూర్చున్నాడట, తర్వాత లేచి ఇంటికొచ్చి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడట.

"కోపమొచ్చి కొట్టేవాడైతే కోపం తగ్గేదాకా తట్టుకుందును అక్కా. ఈయప్ప కోపం లేకుండా కొడతాడు," అంది.

ఆ గురువారం అత్తింటివాళ్లు వచ్చి తీసుకుపోతామని కబురు పెట్టారు. పోవాలా వద్దా అని ఆ పిల్ల మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినలేదు. వదిన అయితే ఎటూ చెప్పలేక, పో అంటే తప్పు, ఉండు అంటే తన మొగుడు ఒప్పుకోడు, మంగళవారం మిల్లుకు సెలవని మనసు మళ్లించడానికి సినిమాకు పిలుచుకొచ్చింది. ఇద్దరికీ టికెట్లు చింపింది నేనే.

ఆ రోజు ఆఖరి రీలు వచ్చేసరికి ఆడవాళ్లందరూ నా ముఖమే చూస్తున్నారు. తెరను కాదు, నన్ను. పోలీసాయన అడిగాడు. వాడు నవ్వాడు. ఐసే హీ అన్నాడు. నా నోట్లోనుంచి వచ్చింది ఇది.

"వాడు చిన్నగున్నప్పుడు వాళ్లమ్మ వదిలేసి పోయినాదంట. ఇప్పుడొస్తాది, ఇంగొంచేపటికొస్తాదని గడియారం సూసుకుంటా కూర్చునేవాడంట. ప్రేమగా సూసుకునే మనిషి ఒక్కరుండింటే నేను మారిపోయిందును అంటాండాడు."

రెండు మాటలకు ఇంత కథ ఎట్లా వచ్చిందని ఎవరూ అడగలేదు, తెర మీద గడియారాలు, సంగీతం, అన్నిటికీ నా కథ అతికినట్లు సరిపోయింది. ఆ గడియారం ముక్క నాకు ఎక్కడినుంచి తట్టిందో ఇప్పటికీ తెలియదు, చెప్పాక నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. నేలంతా ముక్కులు చీదుకునే చప్పుడు. గర్వపడ్డాను, అబద్ధమెందుకు.

దీపాలు వెలిగాక అందరూ లేచి పోతుంటే ఆ చెల్లెలు మాత్రం గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. వదిన ముందు నడిచిపోయింది. నా చెయ్యి పట్టుకుని, నా కళ్లలోకి చూసి అడిగింది.

"నిజంగా అట్లనే అన్నాడా అక్కా వాడు? ప్రేమగా సూసుకుంటే మారిపోయిందును అన్నాడా?"

అక్కడ ఒక్క క్షణం ఉంది. ఆ క్షణంలో నేను లేదు అనవచ్చు. పిల్ల ఎందుకు అడుగుతోందో నాకు తెలియకపోలేదు, తెలుసు, బాగా తెలుసు. కాని చెబితే బయటికి పోతుంది, నలుగురికి తెలుస్తుంది, మళ్లీ నా నేల ఖాళీ. అదీ కాక నా కథ నాకే నచ్చింది.

"అట్లనే అన్నాడు పాపా," అన్నాను.

గురువారం పొద్దున వాళ్లు వచ్చారు, పిల్ల తలస్నానం చేసి పూలు పెట్టుకుని వాళ్లతో ఆస్పరి బస్సెక్కింది. వదిన సంతోషపడింది. నేనూ సంతోషపడ్డానని చెప్పాలి.

ఇక సినిమా సంగతి. గోడకు ఇవతల ఒక సినిమా, అవతల ఒక సినిమా ఆడడం మొదలైంది. మగవాళ్లు వాడొక రాక్షసుడని తిట్టుకుంటూ బయటికి వచ్చేవాళ్లు, ఆడవాళ్లు పాపమని కళ్లు తుడుచుకుంటూ వచ్చేవాళ్లు, సైకిల్ స్టాండు దగ్గర మొగుడూ పెళ్లాలు కొట్లాడుకునేవాళ్లు. మా ఇంటాయన గేటు దగ్గర అంతా విని, ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ, అట్లాంటి సచ్చినోడికి కూడా తల్లిని పుట్టించినావు గదనే, ఇంగ తండ్రిని గూడ ఎతుక్కొచ్చి పెండ్లి జేసేయి అని నవ్వాడు. నవ్వాడు గాని మళ్లీ నా వైపు చూడలేదు. సినిమా మూడు వారాలు ఆడింది. ఆపైన రీళ్ల పెట్టె రెండు నెలలు వేరే ఊర్లు తిరిగి ఎమ్మిగనూరు పోయింది. అక్కడి హాలువాళ్లు మా మేనేజరును అడిగి నన్ను కూడా ఒక వారం పంపమన్నారు. కథ చెప్పే ఆడమనిషి కోసం ఊరికి ఊరే కబురు పెట్టిందంటే నా కాళ్లు నేల మీద లేవు. పొద్దున బస్సులో పోయి మ్యాట్నీ చెప్పి సాయంత్రం బస్సుకు రావడం.

ఎమ్మిగనూరు నేల మీద అంతా మగ్గాల ఇళ్ల ఆడవాళ్లు. పొద్దంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టి చుట్టి, సినిమాకు వచ్చినా వేళ్లు ఊరుకునేవి కావు, కొంగు అంచు మెలిపెడుతూనే ఉండేవి. రెండు రోజులు బాగా జరిగింది, ఏడ్చారు. మూడో రోజు ఆఖరి రీలులో నేను తల్లి కథ చెప్పగానే, వెనక గోడ దగ్గర కూర్చున్న ఒక ముసలి బూబమ్మ, మా వాళ్లే, పండ్లు ఒక్కటీ లేవు, అక్కడినుంచే గట్టిగా అంది.

"వాడు ఐసే హీ అన్నాడు గదనే. తల్లిని యాడినుంచి తెస్తివి? ఎవరిని కాపాడుతాండావే నువ్వు?"

అందరూ వెనక్కి తిరిగారు, తర్వాత నా వైపు తిరిగారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ముసలామె గొంతులో ఎగతాళి కూడా లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్లు అడిగింది. ఆదోని బస్సులో కూర్చున్నాక ఆ ప్రశ్న నాతోనే కూర్చుంది. కిటికీ పక్క సీటు దొరికితే లేచి ఇంకొకరికి ఇచ్చాను, నిలబడ్డాను, మళ్లీ కూర్చున్నాను. కండక్టరు, ఏమమ్మా ఒంట్లో బాగలేదా అన్నాడు. ఎవరిని కాపాడాను. వాణ్ని. ఆడవాళ్లను కాదు, నన్ను కాదు, తెర మీది వాణ్ని.

మరుసటి రోజు ఎమ్మిగనూరు పోలేదు. వదినకు సగం చెప్పి సగం దాచి, పిల్లను చూసొద్దాం పద అని ఆస్పరి బస్సెక్కించాను. దారిపొడుగునా వదిన బాగానే ఉంటుందిలే, బాగలేకపోతే కబురు రాదా అంటూనే ఉంది, నేను వినలేదు.

పిల్ల మొగుణ్ని నేను చూడడం అదే మొదలు. తెల్లటి పంచె, తల దువ్వుకుని, గడప దగ్గరికే ఎదురొచ్చాడు. మంచం వాల్చాడు, దుప్పటి దులిపి పరిచాడు, మజ్జిగ తానే తెచ్చిచ్చాడు, మా ఇంటాయన బాగున్నాడా అని అడిగాడు. వాళ్ల ఊర్లో పంటలు, మా ఊర్లో పత్తి ధర, అన్నీ ఎంతో మర్యాదగా. వాళ్లమ్మ వసారాలో చేటలో జొన్నలు చెరుగుతోంది, తల ఎత్తలేదు. పిల్ల నీళ్ల చెంబు తెచ్చింది. ఎడమచేతి మణికట్టు ఒక పక్కకు తిరిగి ఉంది, విరిగిన ఎముక కట్టు లేకుండా అతుక్కున్నట్లు. వదిన చూసి నోట కొంగు పెట్టుకుంది. వాడు కూడా చూశాడు, మేము చూశామని చూశాడు, చూసి, టీకి చక్కెర లేదు, తెస్తానుండండి అని అంగడికి పోయాడు.

వాడు మలుపు తిరగగానే పిల్ల నా ముందు గొంతుక్కూర్చుంది. ఏడవలేదు. నన్ను తప్పు పట్టినట్లు కూడా కాదు, జరిగింది జరిగినట్లు చెప్పింది.

"నువ్వు సెప్పింది నమ్మి అడిగితి అక్కా, చిన్నప్పుడు నీకేమైందని. సినిమా కతంతా సెప్పితి. అన్నం తింటా తింటా బాగ విన్నాడు. ఇప్పుడు కొట్టినాక అదే సెప్తాడు. మా అమ్మ నన్ను వదిలేసి పోయినాది, అందుకే ఇట్లయితిని, నువ్వన్న ప్రేమగా సూసుకో అంటాడు. వాళ్లమ్మ ఈడనే కూర్చొని వింటాంటాది."

చేట చప్పుడు ఆగింది. ముసలామె మా వైపు చూడకుండా, జొన్నలతో చెప్పుకున్నట్లు చెప్పింది, తాను వాణ్ని వదిలి ఒక్క దినం కూడా ఎక్కడికీ పోలేదని, పుట్టింటికి పోయినా వాణ్ని చంకన పెట్టుకునే పోయానని. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

అప్పుడు చెప్పాను. సినిమాలో వాడు అట్లా అనలేదు పాపా, ఊరికే చంపినానన్నాడు, మిగతాదంతా నాది అని. నేను దెబ్బకు సిద్ధంగా ఉన్నాను. పిల్ల లేచి లోపలికి పోయి, దండెం మీది రెండు చీరలు తీసి మూట కట్టుకుని వచ్చింది. ఊరికేనా అని ఒకే ఒక్కసారి అడిగింది, తనలో తాను. మూడు నెలలు పెద్దమనుషుల ముందు తడుముకున్న జవాబు దొరికినట్లు, ముఖంలో ఏదో సర్దుకుంది.

మేము గడప దిగుతుండగా వాడు చక్కెర పొట్లంతో ఎదురొచ్చాడు. వాడు మూటను చూశాడు, పెళ్లాన్ని చూశాడు, పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

"పోతాండారా? చక్కెర తెచ్చినా గదా, టీ తాగి పోండి," అన్నాడు. మేము ఆగలేదు. వెనకనుంచి నన్నే పిలిచి, "అక్కా, ఆ సినిమా మళ్లా ఆడితే కబురు సెయ్యి. నేను గూడ సూడాల," అన్నాడు. నవ్వుతూనే. పళ్లు కొరుకుతూ అని ఉంటే నేను మరిచిపోయేదాన్ని. మామూలుగా అన్నాడు.

ఆ తర్వాత పెద్దమనుషులు మళ్లీ కూర్చున్నారు, మళ్లీ కారణం అడిగారు. ఈసారి పిల్ల, ఊరికే కొడతాడు, ఇంగ పోను, అని చెప్పి లేచి వచ్చేసింది. వదిన మొగుడు ఆరు నెలలు మాట్లాడలేదు, తర్వాత అలవాటు పడ్డాడు. పిల్ల ఆ వంకర చేత్తోనే మిల్లులో ముప్పై ఏళ్లు పత్తి ఏరింది. నేను ఎమ్మిగనూరుకు మళ్లీ పోలేదు. ఆదోనిలో ఆ తర్వాత వచ్చిన ప్రతి సినిమాకూ తెర మీది మాటకు ఒక మాట, అంతకు మించి ఒక్క అక్షరం చేర్చలేదు. కథ చెప్పే బూబమ్మ ఇప్పుడు చప్పగా చెబుతోందన్నారు. శనక్కాయలు తగ్గాయి.

మా వీధిలో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెట్టినప్పుడు ఆ చెల్లెలూ నేనూ ఒకే చాప మీద కూర్చుని నేర్చుకున్నాం. అందరికీ పేరు రాయడం వచ్చాక, ఇంకేం మాట రాయాలనుంది అని పంతులమ్మ ఒక్కొక్కరినీ అడిగింది. నేను హాలు పేరు అన్నాను, తిరిగి తిరిగి పనిచేసిన చోటు గదా. ఆ చెల్లెలు మాత్రం "ఊరికే" అనే మాట అడిగి రాయించుకుంది. పలక నిండా రాసింది. పంతులమ్మ నవ్వింది, నేను నవ్వలేదు.

ఇప్పుడు ఆ హాలు లేదు, పత్తి బేళ్లు పెట్టుకునే గోడౌను అయింది. నడుమెత్తు గోడ అంతకు ముందే పోయింది, పోవలసిందే, దాని మీద నాకేం ప్రేమ లేదు. కాని ఇప్పుడు ఎవరి ఫోను వాళ్లది, ఎవరి చెవిలో వాళ్లకు వైరు. తెర మీద అట్లాంటివాడే ఇప్పుడు హీరో, వాడికి పాటలు కూడా ఉన్నాయి, వాడెందుకట్లా అయ్యాడో చెప్పడానికి పది భాగాలు తీస్తారు, నేను రెండు వాక్యాల్లో చేసిన పాపాన్ని వాళ్లు పది గంటలు చేస్తారు. వెనకనుంచి ఒక పండ్లులేని ముసలామె లేచి, ఎవరిని కాపాడుతాండావే అని అడగడానికి చోటే లేదు. అదొక్కటి పోయినందుకు మాత్రం నాకు దిగులు.

మొన్న నేను వాకిట్లోకీ లోపలికీ తిరుగుతుంటే, ఆ చెల్లెలు, ఇప్పుడు ఆమె కూడా ముసలిదే, మజ్జిగ కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. మనవరాలు ఆమెకు కూడా ఆ సీరియలు చూపించి, వీడికి కారణం లేదవ్వా అని చెప్పింది. ఆమె వంకర మణికట్టుతో కళ్లద్దాలు సర్దుకుని కాసేపు చూసి, మీ నానీనడుగు, ఎట్లాంటోనికైనా ఒక తల్లిని తెచ్చిస్తాది అంది. ముగ్గురం నవ్వాం. ఆమె అంత తేలిగ్గా అనగలిగింది కాబట్టి నాకు నిద్ర పట్టాలి. పట్టలేదు. ఎందుకంటే పోయి నిజం చెప్పడానికి ఆమె ఒక్కతే నాకు పక్కిల్లు. మిగతావాళ్లు కారు.

అందుకే ఆ మంగళవారం గోడకు ఇవతల ఉన్నవాళ్లను ఇక్కడ రాసి పెడుతున్నాను, రాయడం వచ్చింది కాబట్టి. నేను. మా పక్కింటి వదిన. ఆమె చెల్లెలు. నా తురక మాటను వెక్కిరించిన పత్తి ముసలామె, మళ్లీ వచ్చింది, ఆ రోజు తృప్తిగా పోయింది. మిల్లులో ఆమెతో పనిచేసే ఇద్దరు తోడికోడళ్లు. పెద్దకడుబూరునుంచి వచ్చిన తల్లీ, ఆమె ఒళ్లో తల పెట్టుకున్న పెళ్లీడు కూతురూ. ఫ్యాను కింద నెలలు నిండిన కోడలు, ఆమె అత్త. బొరుగులు అమ్మే ఆమె, గేటు దగ్గర నిలబడి. మా పిన్ని, ఆమెకు ఉర్దూ బాగా వచ్చు, విన్నది, నా వైపు ఒక్క చూపు చూసి తల దించుకుంది, చచ్చేదాకా ఆ మాట ఎత్తలేదు. గోడకు అవతల మా ఇంటాయన. ఇంకా, స్తంభం పక్కన, చంటిబిడ్డతో ఒక పచ్చచీర ఆమె, బుగ్గ కొంగుతో కప్పుకుని ఉంది. అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆమె. దీపాలు వెలగకముందే లేచి పోయింది. ముఖం చూడలేదు. ఏ ఊరి బస్సెక్కిందో నాకు తెలియదు.